ఎన్ని ఉల్లిపాయలు

ఆ రెండు నెలల్లో నేను అనుమానించని మనిషి మా పల్లెలో లేడు. మొదట మా ఆయన్ని అనుమానించాను. తర్వాత ఆయన ఫోన్‌ని, ఆ తర్వాత మా తోడికోడలు వెంకటలక్ష్మి వండే చేపల పులుసుని. ఆఖరికి తాతమ్మ అనే మా అత్త చుట్టిచ్చే తమలపాకు చిలక కూడా విప్పి చూసి మరీ నోట్లో పెట్టుకున్నాను. నా బుద్ధి చిన్నప్పట్నుంచీ అంతే. అనుమానం వచ్చిందంటే నాకు అన్నం సయించదు.

మాది హంసలదీవి దగ్గర వేటకెళ్లేవాళ్ల పల్లె. ఏటా ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు ఆపేస్తుంది. బోట్లన్నీ పాయలో కట్టేసుకుని మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ ఇంటిపట్టున ఉంటారు. మా ఆయన నాగేంద్రబాబు మాత్రం ఏ ఏడూ ఇంటిపట్టున ఉన్నది లేదు. వేట ఆగిందంటే ఆయనకి కబడ్డీ మొదలైనట్టే. అవనిగడ్డ, తోట్లవల్లూరు, గుడివాడ, బందరు, ఎక్కడ పోటీలు పెడితే అక్కడికి వెళ్లిపోయేవాడు. గుడివాడ పక్క ఊరి రైతు పిచ్చేశ్వరరావుగారు ఒక జట్టు నడుపుతారు. అందులో పదిహేనేళ్లుగా ఎడమ మూల మా ఆయనదే. కూతకొచ్చినవాడు వెనక్కి తిరిగేలోపు వాడి చీలమండ మీదికి తలతో దూకేవాడు. వాడి మోకాలు కణతకి తగిలినా, మడమ నుదుటికి తగిలినా పట్టు వదిలేవాడు కాదు. జనం అసలు పేరు మర్చిపోయి ‘టెంకాయ’ అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పేరు వింటే నాకు లోపల ఎంత పొంగిపోయేదో.

ఒక్కోసారి దెబ్బ గట్టిగా తగిలి పడిపోయి కళ్లు తేలేసేవాడు. పెళ్లయిన కొత్తలో మొదటిసారి అలా పడ్డప్పుడు, మగవాళ్లంతా చుట్టూ మూగి నీళ్లు చల్లుతూ కంగారుపడుతున్నారు. నేను వాళ్లని తోసుకుంటూ వెళ్లి, పక్కన బజ్జీల బండి మీంచి ఉల్లిపాయ లాక్కుని, చితక్కొట్టి ఆయన ముక్కు దగ్గర పెట్టాను. లేచి కూర్చున్నాడు. మళ్లీ ఆటలోకి దిగాడు. జనం ఒకటే ఈలలు. అది మొదలు, నేను ఆటకి వెళ్తే నా సంచిలో ఉల్లిపాయ ఉండాల్సిందే. పిచ్చేశ్వరరావుగారు నన్ను చూడగానే, “ఏమ్మాయ్, మా మందు తెచ్చావా?” అని నవ్వేవారు.

ఈ ఏడు వేట ఆగిన పది రోజులకి మొదలైంది నా అనుమానం. మా ఆయన పంచలో కూర్చుని వల కుడుతున్నాడు. ఆయన చేతికి ఆ పని చూడక్కర్లేదు. ఎవరితోనో కబుర్లు చెబుతూ కుట్టినా వల కన్నులన్నీ ఒకే కొలతలో వచ్చేవి. ఆ రోజు మడత పెడదామని వల ఎత్తితే ఒక కన్ను వేలు పట్టేంత ఉంది, పక్కది పిడికిలి దూరేంత ఉంది. ఒకచోట ఒకే చిరుగుని మూడుసార్లు కుట్టి ముద్ద చేశాడు. దాని పక్కనే బారెడు చిరుగు అలాగే నోరు తెరుచుకుని ఉంది.

ఇదేంటి మావా అని అడిగితే, తను కుట్టలేదన్నాడు. బాబ్జీ కుట్టి ఉంటాడు, వాడికి పని మీద ధ్యాస లేదు అన్నాడు. బాబ్జీ మా మరిది. ఇంజను సామాన్ల కోసం వెళ్లి వారం రోజులుగా బందరులోనే ఉన్నాడు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. మగవాడు కళ్లలోకి చూస్తూ అబద్ధమాడాడంటే దాని వెనక ఆడది ఉంటుందని నా లెక్క. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు ఫోను తీసి చూశాను. ఏమీ లేదు. ఏమీ లేకపోయేసరికి అనుమానం ఇంకా పెరిగింది.

తర్వాత ఒక్కొక్కటీ కనపడసాగాయి. ఎండ గిట్టడంలేదు, ఇంట్లో కూడా తలమీద తువ్వాలు కప్పుకుంటున్నాడు. గిన్నె చప్పుడైతే ఉలిక్కిపడుతున్నాడు. కొట్టుకి పంపితే ఉత్త చేతులతో తిరిగొచ్చి, ఎందుకు పంపావని నన్నే అడుగుతున్నాడు. నా సెల్లు తీసి చూడబోయి, నేను చూడగానే పక్కన పెట్టేశాడు. అంటే నేను ఆయన్ని చూస్తుంటే ఆయన నన్ను చూస్తున్నాడన్నమాట.

మా ఇంటి అన్నదమ్ములిద్దరి కుటుంబాలదీ అప్పటికింకా ఒకటే పొయ్యి. ఒక మధ్యాహ్నం లక్ష్మి పులుసు వడ్డించింది. మా ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ఉప్పేదీ అంటూ పళ్లెం తీసి గోడకేసి కొట్టాడు. పదిహేనేళ్ల కాపురంలో ఆయన నా ముందు గొంతు పెంచింది లేదు. పులుసు నేను తిని చూశాను, ఉప్పు సరిపోయింది. లక్ష్మి మెతుకులు ఊడ్చేసి నా పక్కకొచ్చి మెల్లిగా అంది.

“అక్కా, బావగారి తల ఒకసారి బందరు తీసుకెళ్లి చూపించకూడదా? నాలుగు నెల్ల నుంచి చూస్తున్నాను.”

నాకు ఒళ్లు మండిపోయింది. కట్టుకున్నదాన్ని నేను చూడనిది తనెందుకు చూస్తోంది? కడుపు నొప్పి కాదు, కాలు నొప్పి కాదు, సూటిగా తలే ఎందుకు పట్టుకుంది? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు లేదూ?

ఆ సాయంత్రం మా అత్త నన్ను పెరట్లోకి పిలిచి, వాడికెవరో మందు పెట్టారే అంది. కూరలో ఏదో కలిపి తినిపిస్తే మనిషి బుద్ధి తిరిగిపోతుందని మా వైపు నమ్మకం. దాన్నే మందు పెట్టడం అంటాం. ఎవరు పెట్టారన్నది మా అత్త చెప్పలేదు. నేనే చెప్పుకున్నాను.

ఎందుకంటే కారణం నా కళ్లముందే ఉంది. మావగారు పోయాక బోటు అన్నదమ్ములిద్దరిదీ అయినా, సరంగు మాత్రం పెద్దవాడైన మా ఆయనే. స్టీరింగ్ పట్టేది ఆయనే. వల ఎక్కడ వెయ్యాలి, ఎప్పుడు తిరగాలి, నది సముద్రంలో కలిసేచోట ఆ మొగ ఎప్పుడు దాటాలి, అన్నీ ఆయన చెప్పిందే. కింద ఐదుగురు కలాసీలు, అందులో బాబ్జీ ఒకడు. నీళ్ల మీద సరంగుకి ఎదురు చెబితే బోటుకి అరిష్టమని తాతల నాటి మాట, ఒక్కడూ కిక్కురుమనడు. ఇప్పుడు మా ఆయన బుద్ధి చెడితే ఆ స్టీరింగ్ ఎవరి చేతికి వెళ్తుంది? ఇంకేం కావాలి నాకు.

మే మొదటి వారంలో, గుడివాడ అవతల ఒక ఊళ్లో మందు కక్కించే మనిషి ఉన్నాడంటే మా ఆయన్ని బతిమాలి తీసుకెళ్లాను. పరగడుపున ఏదో ఆకు పసరు తాగించి, వీపు మీద చరిచి, బేసిన్ నిండా కక్కించాడు. ఆ కక్కుడులోంచి చింతగింజంత నల్లటి ఉండ తీసి, విప్పితే లోపల వెంట్రుక. మీ ఇంటి మనిషే పెట్టిందమ్మా, కూరలో పెట్టింది అన్నాడు. ఆ ఉండ మా ఆయన కడుపులోంచి వచ్చిందా, వాడి పిడికిట్లోంచి వచ్చిందా అని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. లోకాన్నంతా అనుమానించినదాన్ని, ఆ ఒక్క చేతిని అనుమానించలేకపోయాను.

ఇంటికొచ్చీ రాగానే లక్ష్మి గుమ్మం ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. పల్లె పల్లెంతా చేరింది. నా మొగుడి బుర్ర తినేసి నీ మొగుడికి స్టీరింగ్ ఇప్పించుకుంటావా అన్నాను. లక్ష్మి ఎదురు తిట్టలేదు, ఏడవనూ లేదు.

“నువ్వు అన్నావక్కా ఈ మాట. గుర్తుపెట్టుకో,” అని తలుపేసుకుంది.

ఆ రోజే పొయ్యి వేరైంది. పిల్లలిద్దరినీ సెలవులని చెప్పి మా అమ్మ దగ్గరికి పంపేశాను, పిన్ని పెట్టింది తింటారేమోనని. బాబ్జీ వచ్చి, వదినా, నాకే స్టీరింగూ వద్దు, అన్న బాగుంటే చాలు అన్నాడు. ఎంత బాగా నటిస్తున్నాడో అనుకున్నాను.

మందు కక్కించాక ఓ వారం ఆయన బాగున్నట్టే ఉంది. అసలు సంగతి ఏమిటంటే, బాగున్నట్టు నేనే చేశాను. ఆయన కుట్టిన వల ఎవరూ చూడకముందే విప్పి మళ్లీ కుట్టాను. కొట్టుకి వెళ్తుంటే ఏం తేవాలో చీటీ రాసి జేబులో పెట్టాను. ఎవరైనా ఏమైనా అడిగితే ఆయనకంటే ముందు నేను జవాబు చెప్పాను.

మే ఆఖర్లో గుడివాడ దగ్గర పోటీలు. వద్దంటే వినేరకం కాదు కాబట్టి నేనూ వెంట వెళ్లాను, సంచిలో ఉల్లిపాయ వేసుకుని. ఆట మొదలైన కాసేపటికే కూతకొచ్చిన పొడుగాటివాడి కాలి మీదికి ఎప్పట్లాగే దూకాడు. వాడి మోకాలు సరిగ్గా చెవి పైన తగిలింది. అలాగే ఒరిగిపోయాడు. పిచ్చేశ్వరరావుగారు నావైపు చెయ్యి ఊపి, అమ్మాయ్, మందు, అని కేకేశారు. పరిగెత్తాను. పెట్టాను. లేచాడు. ఈలలు, చప్పట్లు. వీపు మీద ఒక్క చరుపు చరిచి, పో మావా, పట్టు అన్నాను. ఆ మాట నేనే అన్నాను.

ఈసారి కూత మన జట్టుది. మనవాడు గీత వైపు బయల్దేరుతుంటే మా ఆయన వెనక నుంచి దూకి వాడి కాలే పట్టేసుకున్నాడు. మైదానమంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వబోయాను. ఆయన లేచి ఒంటికంటిన మట్టి కూడా దులుపుకోకుండా నా దగ్గరికొచ్చాడు.

“పాటు మొదలయ్యేలోపు మొగ దాటాలే. బాబ్జీ ఏడీ? డీజిలు పోశాడా?”

నీళ్లు సముద్రంలోకి దిగే పాటు సంగతి, డీజిలు సంగతి కబడ్డీ బరిలో నిలబడి అడుగుతున్నాడు. పిచ్చేశ్వరరావుగారి మొహంలో నవ్వు పోయింది. పోయినేడు కూడా ఒకసారి ఇలాగే మాట్లాడాడని, కుమారికి, అంటే నాకు, చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడని అప్పుడు బయటపెట్టారు. ఈయన కూడా నా దగ్గర దాచారా అని పిచ్చేశ్వరరావుగారిని కూడా నా జాబితాలో వేసుకున్నాను. ఆయన మాత్రం మమ్మల్ని కారెక్కించుకుని తిన్నగా బందరు తీసుకెళ్లి, తనకి తెలిసిన డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టారు.

తలకి స్కానింగు తీశారు. అందులో ఏమీ కనపడలేదంది డాక్టరమ్మ. నాకు ప్రాణం లేచొచ్చింది, ఆ వెంటనే, చూశావా, ఫొటోకి దొరకలేదంటే మందే అనుకున్నాను. ఆవిడతో అదే చెప్పాను కూడా. ఆవిడ నవ్వలేదు. నిద్రెలా పడుతోంది, కోపమెలా ఉంది, మరపుందా, అనుమానాలున్నాయా అని అడిగి అన్నీ రాసుకుంది. మా ఆయన్ని బయట కూర్చోమని నన్ను అడిగింది.

“ఆటలో ఎన్నిసార్లు స్పృహ తప్పాడమ్మా?”

“ఎప్పుడూ లేదండీ. పడ్డా వెంటనే లేచేస్తాడు.”

“ఎలా లేస్తాడు?”

చెప్పాను. కాస్త గొప్పగానే చెప్పాను. ఆవిడ కలం పక్కన పెట్టేసింది.

“ఇప్పటిదాకా ఎన్ని ఉల్లిపాయలు?”

చల్లపల్లిలో రెండు. తోట్లవల్లూరులో ఒకే పూట రెండు. నాగాయలంకలో మా చిన్నది కడుపులో ఉన్నప్పుడు ఒకటి. ఒక చేతి వేళ్లయిపోయాయి, రెండో చేతివీ అయిపోయాయి. పదహారో పదిహేడో దాకా వచ్చి ఆపేశాను. నేను వెళ్లని ఆటలు ఇంకెన్నో. లెక్కపెట్టిన చెయ్యే ఇంకా ఘాటుగా వాసన కొడుతోంది. చీరకొంగుకి తుడుచుకున్నాను, పోలేదు.

ఆవిడ నిదానంగా చెప్పింది. ఒక దెబ్బ మానకముందే ఇంకో దెబ్బ, అలా ఏళ్ల తరబడి తలకి తగిలితే కొందరిలో కోపం, మరపు, లేనిపోని అనుమానం రావచ్చట. ఏది మంచో ఏది చెడో తేల్చుకునే తెలివి తగ్గవచ్చట. ఈయనకి అదేనని ఇవాళే గట్టిగా చెప్పలేనంది. స్కానింగులో కనపడాలని లేదంది. ఆట ఈ రోజుతో ఆపేయాలి, పెద్దాసుపత్రిలో చూపించాలి అని కాగితం రాసిచ్చింది. ఆఖర్న, ఈయన ఏం పని చేస్తారమ్మా అని అడిగింది.

“వలలు కుడతారండీ,” అన్నాను.

ఇంటికొచ్చి ఎండ దెబ్బని చెప్పాను. ఆ కాగితం బియ్యం డబ్బాలో దాచాను. కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుంది. సరంగు పెళ్లాన్ని నేను. ఈ మాట బయటికి పొక్కితే లక్ష్మి మీద నేను పోసిన పాపమంతా నా నెత్తిన పడుతుంది, స్టీరింగూ పోతుంది. పైగా ఆ డాక్టరమ్మకి కబడ్డీ ఏం తెలుసు? ఇలా నాకు నేనే చెప్పుకున్నాను, పన్నెండు రోజులు.

జూన్ పన్నెండున పొద్దున పది గంటలకి, రంగులేసిన బోటుని పాయలో తిప్పి చూడటానికి తీశారు. మా ఆయన స్టీరింగ్ దగ్గర, కలాసీలు ఐదుగురూ పైన. నేను మిగతా ఆడవాళ్లతో రేవులో నిలబడ్డాను. మా ఆయన చెయ్యెత్తి మొగ వైపు చూపించాడు. పోటు ఎక్కుతోంది, మొగ దాకా వెళ్లి సముద్రం చూసొద్దాం అన్నాడు. నీళ్ల మీద గుర్రపుడెక్క ముద్దలు ముద్దలుగా కొట్టుకుపోతోంది. పోతున్నది సముద్రం వైపు. నీళ్లు దిగిపోతున్నాయి, పాటు. పాటులో మొగ దగ్గర ఇసుక మేటలు తేలుతాయి, అలలు అడ్డంగా కొడతాయి, బోటు బోల్తా పడుతుంది. మా పల్లెలో పాకే పిల్లకి కూడా తెలిసిన సంగతి అది.

కలాసీలు ఐదుగురూ ఆ గుర్రపుడెక్కని చూశారు. ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. ఒక్కడంటే ఒక్కడు నోరు విప్పలేదు. బాబ్జీ అన్న వైపు చూడలేదు, ఒడ్డున ఉన్న నా వైపు చూశాడు. నేనూ నోరు విప్పలేదు.

మా అదృష్టం బాగుండి మొగ దాకా వెళ్లకముందే, పాయలోనే బోటు ఇసుకలో కూరుకుంది. మళ్లీ పోటు వచ్చేదాకా ఎండలో కూర్చుని, ఒడ్డుకొచ్చాక అంతా నవ్వుతూ మాట్లాడుకున్నారు. మా ఆయన ఇంటికొచ్చి, బాబ్జీగాడు ఇంజనులో ఏదో కెలికాడు, లేకపోతే నా బోటు ఆగదు అన్నాడు. నేను బియ్యం కొలవడానికి డబ్బా మూత తీశాను. కాగితం పైనే ఉంది.

జూన్ పదిహేను. వేట మొదలయ్యే రోజున మా పల్లెలో ఒక పద్ధతుంది. తెల్లారగానే సరంగు భార్య బోటు ముక్కుకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ సరంగు చేతికిస్తుంది. ఆయన కొట్టాకే తాడు విప్పుతారు. కాయ ఎవరి చేతికెళ్తే ఆ ఏడాదికి ఆయన మాటే మాట. మా ఆయన తలంటుకుని కొత్త చొక్కా వేసుకుని రేవులో నిలబడ్డాడు. నన్ను చూసి నవ్వాడు. ఎన్నాళ్లకో నవ్వాడు. పళ్లెం పట్టుకుని ఆయన ముందు నుంచే నడిచి, ఆయన్ని దాటి, ఆడవాళ్ల గుంపులో చివర నిలబడ్డ లక్ష్మి దగ్గర ఆగాను. నలభై రోజుల తర్వాత ఆమెతో మాట్లాడటం అదే.

“నువ్వు పెట్టు లక్ష్మీ.”

ఆమె చేతులు చాపలేదు.

“నా చేత్తో ఇస్తే రేపు అందులో ఏం కలిపానంటావో,” అంది.

“కలిపింది నేను. నువ్వు కాదు.” అందరికీ వినపడేట్టే చెప్పాను. “పదిహేనేళ్లు ఉల్లిపాయ చూపించి మళ్లీ మళ్లీ ఆ దెబ్బల్లోకి తోసింది నేను. ఆయన తల దెబ్బతింది. పోటుకీ పాటుకీ తేడా తెలీడంలేదు. డాక్టరమ్మ కాగితం ఇస్తే దాచిపెట్టాను. ఈ ఐదుగురినీ ఆయన చేతిలో పెట్టకండి.”

మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూలబడింది. లక్ష్మి నన్ను చూసి, పళ్లెం అందుకుంది. బోటు ముక్కుకి పసుపు రాసింది, కుంకుమ పెట్టింది, కాయ బాబ్జీ చేతికిచ్చింది. బాబ్జీ ఏడుస్తూనే కొట్టాడు.

మా ఆయన అరుస్తాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. మెల్లిగా నా దగ్గరికొచ్చి, నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, కళ్లలోకి చూశాడు. ఆయన గొంతులో కోపం లేదు, నామీద జాలి ఉంది.

“కుమారీ, నీక్కూడా మందు పెట్టారా?”

తాడు విప్పారు. బోటు కదిలి, మొగ దాటి, చుక్కంత అయ్యేదాకా రేవులో పక్కపక్కనే నిలబడ్డాం. ఆయన ఒక్కసారి కూడా బోటు వైపు చూడలేదు. నా చేతుల వైపే చూస్తూ ఉన్నాడు. ఆ వేసవంతా నేను లక్ష్మి చేతుల్ని అలాగే చూశాను.